మాటకు కట్టుబడిన మనిషి - యాకోబ్ గ్రిమ్

బాల్యములో కథలు విననివారు లోకములో అరుదు. రాత్రి భోజనాలు ముగిసి, దీపము తగ్గించిన పిమ్మట అమ్మమ్మ తెలుగులోనో, దాదీమా ఉర్దూలోనో చెప్పిన కథలు మనలో ప్రతి ఒక్కరికీ జ్ఞాపకమున్నవే. ఆ కథలలో రాజకుమారులు, మాట్లాడే చిలుకలు ఉన్నట్లే రాక్షసులు, సవతి తల్లులు, పిల్లలను ఎత్తుకుపోయే ముసలివారు కూడా ఉండేవారు. భయపడుతూనే వినేవారము. మధ్యలో ఆపితే నిద్రపట్టేది కాదు. భయమూ ఆనందమూ ఒకే కథలో ఎట్లు ఇమిడినవో ఆనాడు మనము ఆలోచించలేదు.

ఇట్టి కథల చీకటి ఛాయలను ఆధారముగా చేసుకొని అమెరికాలో ఎన్.బి.సి. టెలివిజన్ సంస్థ "గ్రిమ్" అనే నేరపరిశోధన ధారావాహికను 2011 అక్టోబరు 28 నుండి 2017 మార్చి 31 వరకు ప్రసారము చేసింది. ఆరు సీజన్లలో మొత్తము 123 ఎపిసోడ్లు వెలువడినవి. ఆరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లాండ్ నగరములో నిక్ బర్క్‌హార్ట్ అనే పోలీసు డిటెక్టివ్ హత్యలను, అపహరణలను దర్యాప్తు చేస్తూ ఉంటాడు. తాను గ్రిమ్ వంశమువాడనని తల్లి సోదరి ద్వారా తెలుసుకొంటాడు. నాటి నుండి కొందరి మనుష్య ముఖముల వెనుక దాగిన మృగరూపము అతని కంటికి కనిపించసాగుతుంది. మొదటి ఎపిసోడ్‌లోనే ఎఱ్ఱని దుస్తులు ధరించిన బాలిక, తోడేలు కథ పోలీసు కేసుగా మారి వస్తుంది. అయితే తోడేలు జాతికే చెందిన మన్రో అనేవాడు తన క్రూరత్వమును తానే అణచుకొని ఆ డిటెక్టివ్‌కు ఆప్తమిత్రుడవుతాడు. ముఖమును బట్టి మనిషిని నిర్ణయించరాదనే నీతి ఆ వినోదములో దాగి ఉన్నది.

ఆ ధారావాహికలో గ్రిమ్‌లు ఆయుధములు పట్టిన వేటగాండ్రు. నిజమైన గ్రిమ్ సోదరులో, జీవితమంతా గ్రంథాలయములలో గడిపిన పండితులు. కత్తి ఎన్నడూ పట్టలేదు. అయినను ఒక రాజును ఎదిరించి నిలబడ్డారు. వారిలో పెద్దవాడైన యాకోబ్ గ్రిమ్ జీవితమును సోదర విద్యార్థులకు పరిచయము చేయడమే మా ఈ చిన్న ప్రయత్నము. ఉర్దూలో మనము యాకూబ్ అని పిలుచుకొనే పేరే జర్మను భాషలో యాకోబ్ అయినది.

యాకోబ్ 1785 జనవరి 4వ తేదీన జర్మనీలోని హానౌ పట్టణములో జన్మించాడు. తమ్ముడు విల్‌హెల్మ్ మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 24న జన్మించాడు. తండ్రి న్యాయశాస్త్రము చదివిన అధికారి. 1791లో ఆయనకు ష్టైనౌ అనే చిన్న పట్టణములో ఉద్యోగము లభించగా కుటుంబము అక్కడకు చేరింది. తోటలు, పొలములు, ఏటి ఒడ్డు ఆ పిల్లల తొలి పాఠశాలలు. కాని 1796 జనవరిలో తండ్రి న్యుమోనియాతో మరణించాడు. అప్పటికి యాకోబుకు పదకొండేండ్లు నిండి వారము కూడా కాలేదు. ఐదుగురు అన్నదమ్ములు, ఒక చెల్లెలు, విధవరాలైన తల్లి. సర్కారీ ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. కాసెల్ నగరములో రాణివాసమున కొలువు చేస్తున్న పినతల్లి ఆదుకొనగా 1798లో పెద్దవారిద్దరూ అక్కడ ఉన్నత పాఠశాలలో చేరారు.

1802లో యాకోబ్ న్యాయశాస్త్రము చదువుటకు మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయములో ప్రవేశించాడు. సంపన్న వంశముల బిడ్డలకు దొరికిన ఉపకార వేతనము ఈ పేద విధవరాలి కుమారునకు దొరకలేదు. లేమి తనకు శ్రమించుట నేర్పినదని ఆయన తరువాత వ్రాసుకొన్నాడు. అక్కడ సావిన్యీ అనే గురువు పాత చట్టములను చదివే పద్ధతిని నేర్పాడు. ఒక జాతి చట్టము ఆ జాతి భాషతోను, ఆచారములతోను కలిసి పెరుగుతుందని ఆ గురువు బోధ. యాకోబ్ దానిని కథలకు, పదములకు కూడా అన్వయించాడు. నేరమును విచారించే న్యాయవాది సాక్ష్యములను సేకరించినట్లే ఆయన భాష యొక్క సాక్ష్యములను సేకరించనారంభించాడు.

1808 మే నెలలో తల్లి మరణించింది. ఇరువది మూడేండ్ల యాకోబుపై కుటుంబ భారమంతా పడింది. అప్పటికి కాసెల్ ఫ్రెంచివారి వశమై ఉన్నది. నెపోలియన్ తమ్ముడైన జెరోమ్ అక్కడ రాజు. ఆ రాజు గ్రంథాలయములోనే యాకోబ్ ఉద్యోగములో చేరవలసి వచ్చింది. పరుల పాలనలో తమ భాష, తమ కథలు మరుగునపడునేమో అన్న ఆవేదన ఆ సోదరులలో బలపడినది ఈ కాలమందే. ముసలివారు ఒక్కరొక్కరే పోవుచున్నారు. వారితో కథలూ పోవుచున్నవి. అందుచేత విన్న ప్రతి కథనూ వ్రాసి ఉంచసాగారు.

1812 డిసెంబరులో 86 కథలతో మొదటి సంపుటము, 1815లో మరి 70 కథలతో రెండవ సంపుటము వెలువడినవి. అన్నదమ్ములు ఊరూరా కాలినడకన తిరిగి పల్లీయుల నుండి కథలు సేకరించారని చాలమంది తలుస్తారు. అది సరి కాదు. కథకులలో అధికులు కాసెల్ ప్రాంతపు చదువుకొన్న కుటుంబముల యువతులు. వారిలో హాసెన్‌ప్లుగ్ కుటుంబము ఫ్రాన్సు నుండి మతహింసకు తాళలేక తరలివచ్చిన వారి సంతతికి చెందినది. అందుచేత జర్మను కథలనుకొన్న వానిలో ఫ్రెంచి కథలూ కలిసినవి. పల్లెటూరి ప్రతినిధి అనదగినది డొరొతెయా ఫీమాన్. ఆమె ఒక దర్జీవాని భార్య. తోటలో పండిన కూరగాయలు కాసెల్‌కు తెచ్చి అమ్ముకొనేది. చెప్పిన కథను మరల అడిగినా మాట మారకుండ చెప్పగల జ్ఞాపకశక్తి ఆమెది. ఆమె కూడా ఫ్రాన్సు నుండి వచ్చిన శరణార్థుల సంతతికి చెందినదే. 1815లో ఆమె మరణించింది. 1819 నాటి ముద్రణలో ఆమె చిత్రమును ముద్రించి సోదరులు కృతజ్ఞత చూపారు. కథలకు సరిహద్దులు లేవనుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి కావలెనా?

తొలి ముద్రణలోని కథలు నేటి పిల్లల పుస్తకములలోని కథల వంటివి కావు. ఆకలికి తాళలేక బిడ్డలను అడవిలో విడిచిపెట్టినది కన్నతల్లియే. హిమసుందరిని చంపించబూనినదీ కన్నతల్లియే. తరువాతి ముద్రణలలో విల్‌హెల్మ్ వారిని సవతి తల్లులుగా మార్చాడు. పిల్లలు పశువధ ఆటగా ఆడిన ఒక ఘోరమైన కథను మిత్రుల అభ్యంతరముపై 1819లో తొలగించారు. విన్నది విన్నట్లు ఉంచవలెనని యాకోబ్ పట్టుదల. చదువరులకు నచ్చునట్లు తీర్చవలెనని తమ్ముని అభిరుచి. క్రమముగా తమ్ముని చేతి మీదుగానే 1857 నాటి ఏడవ ముద్రణలో కథల సంఖ్య రెండు వందలకు చేరింది. ఆ చీకటిని వారు కల్పించలేదు. కరవులు, యుద్ధములు, ప్రసవములో తల్లుల మరణములు ఆనాటి జీవితములో ఉన్నవే. కథ వానిని దాచలేదు. కాని చివరకు దోషికి శిక్ష, నిర్దోషికి రక్ష తప్పదని ధైర్యము చెప్పింది. నేటి నేరపరిశోధన ధారావాహికలు చేస్తున్న పని కూడా ఇదియే గదా!

పండిత లోకములో యాకోబ్ కీర్తి కథల కన్న వ్యాకరణము వలన హెచ్చింది. 1819లో ఆయన జర్మను వ్యాకరణము మొదటి భాగము వెలువడింది. 1822లో దానిని పూర్తిగా తిరిగి వ్రాస్తూ ధ్వనుల మార్పునకు ఒక నియమము ఉన్నదని నిరూపించాడు. డెన్మార్కు పండితుడు రాస్క్ అంతకుముందే కొంత సూచించినా, దానిని క్రమబద్ధము చేసినది యాకోబే. ఈ నియమమునకు ఉదాహరణలు మన కళాశాలలోనే దొరుకుతవి. సంస్కృతములో పితృ, పారసీకములో పిదర్, ఇంగ్లీషులో ఫాదర్. భ్రాతృ, బిరాదర్, బ్రదర్. దంత, దందాన్, టూత్. దశ, దహ్, టెన్. ప-కారము ఫ-కారముగా, ద-కారము ట-కారముగా, భ-కారము బ-కారముగా మారిన తీరు ఇందు స్పష్టము. తెలుగు ద్రావిడ భాషయే అయినా సంస్కృతము ద్వారా పిత, దంతము మనకు దక్కినవి. పారసీకము ద్వారా బిరాదర్, దందాన్ ఉర్దూకు దక్కినవి. వేర్వేరు లిపులలో వ్రాసుకొను మాటలు ఒకే ఇంటి బిడ్డలని ఇట్టి నియమముల వలననే శాస్త్రీయముగా తెలియవచ్చింది.

1830లో సోదరులు గొట్టింగెన్ విశ్వవిద్యాలయములో చేరారు. ఏడేండ్లు ప్రశాంతముగా గడిచినవి. 1837లో ఎర్నెస్ట్ ఆగస్టస్ హానోవర్ రాజ్యమునకు రాజయ్యాడు. 1833 నాటి రాజ్యాంగమును నవంబరు 1న ఆయన రద్దు చేశాడు. ఆచార్యులందరూ ఆ రాజ్యాంగమునకు బద్ధులమని ప్రమాణము చేసినవారే. రాజు కాదన్నంత మాత్రమున చేసిన ప్రమాణము గాలిలో కలిసిపోవునా? చాలమంది మౌనము వహించారు. ఏడుగురు మాత్రము నవంబరు 18న తమ నిరసనను లిఖితపూర్వకముగా తెలిపారు. గ్రిమ్ సోదరులిద్దరూ వారిలో ఉన్నారు. డిసెంబరులో ఏడుగురికీ ఉద్యోగములు పోయినవి. యాకోబుతో సహా ముగ్గురు మూడు దినములలో రాజ్యము విడిచిపోవలెనని ఆజ్ఞ అయింది. విద్యార్థులు అనేకులు సరిహద్దు వరకు వెంట వెళ్లి వీడ్కోలు పలికారు. తన పక్షమును వివరిస్తూ యాకోబ్ వ్రాసిన చిన్న పుస్తకమును స్విట్జర్లాండులోని బాసెల్ నగరములో అచ్చు వేయించవలసి వచ్చింది. అప్పుడాయనకు ఏబది రెండేండ్లు. వివాహము చేసుకొనలేదు, తమ్ముని ఇల్లే ఆయన ఇల్లు. ఆ ఇంటికి ఇప్పుడు జీతము లేదు.

గ్రిమ్ కథలలో మొదటిది కప్పరాజు కథ. బావిలో పడిన బంతి కొరకు కప్పకు మాట ఇచ్చిన రాజకుమార్తె, పని తీరగానే ఆ మాట మరుస్తుంది. ఇచ్చిన మాట నిలుపుకొని తీరవలెనని తండ్రి ఆదేశిస్తాడు. ఆ కథను లోకమునకు అందించినవాడు తన వంతు వచ్చినపుడు దానిని ఆచరించి చూపాడు.

నిరుద్యోగులైన ఆ సోదరులకు 1838లో ప్రచురణకర్తలు జర్మను మహానిఘంటువు కూర్చే పని అప్పగించారు. 1841లో ప్రష్యా రాజు ఆహ్వానముపై వారు బెర్లిన్ చేరి అకాడమీ సభ్యులయ్యారు. 1848లో ఫ్రాంక్‌ఫర్టులో సమావేశమైన జాతీయ సభకు యాకోబ్ ఎన్నికయ్యాడు. జర్మను నేలపై అడుగిడిన బానిస ఎవరైనా స్వతంత్రుడు కావలెనని అక్కడ ఆయన ప్రతిపాదించాడు. సభ దానిని అంగీకరించలేదు.

నిఘంటువు మొదటి సంపుటము 1854లో వెలువడింది. డి అక్షరమును ముగించి విల్‌హెల్మ్ 1859 డిసెంబరు 16న కన్నుమూశాడు. ఒంటరిగా మిగిలిన అన్న ఎఫ్ అక్షరములో పండు అనే అర్థము గల పదము వరకు వచ్చి, 1863 సెప్టెంబరు 20న బెర్లిన్‌లో మరణించాడు. తమ్ముని ప్రక్కనే ఆయనను సమాధి చేశారు. తరువాత తరములవారు పనిని కొనసాగించారు. దేశము రెండుగా చీలిన కాలమందు తూర్పున బెర్లిన్‌లోను, పడమట గొట్టింగెన్‌లోను పండితులు కలిసి పనిచేసి 1961లో దానిని ముగించారు. యాకోబును వెళ్లగొట్టిన ఊరే ఆయన పనిని పూర్తి చేసింది.

ఆయన కృషిలో లోపములు లేవని మేము చెప్పము. ఆ కథలలో యూదుని హేళన చేసి హింసించే కథ ఒకటి కలదు. ఇరువదవ శతాబ్దిలో నాజీలు ఆ సంపుటములను తమ జాతిద్వేష ప్రచారమునకు వాడుకొన్నారు. ఇతరుల నుండి మనలను వేరుచేసి చూపుటకు కథలను వాడిన నాడు అవి విషమగును. కథలు నడిచివచ్చిన దారి తెలిసిన నాడు అవే చుట్టరికమును చూపును. శరణార్థుల సంతతివారు చెప్పిన కథలే జర్మనీకి గర్వకారణమైనవని మరువరాదు.

మన పత్రికను కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు. రెండు వైపుల వారి ఇండ్లలోను పెద్దవారున్నారు. వారికి తెలిసిన కథలు ఏ పుస్తకములోను లేవు. ఈ సెలవులలో ప్రతి విద్యార్థి ఒక్క కథనైనా, చెప్పినవారి పేరుతో, చెప్పిన మాటలలోనే, భయపెట్టే భాగములను విడువకుండ వ్రాసి తేవలెనని మా విన్నపము. యాకోబ్ గ్రిమ్ స్మృతికి మనము చేయగల నివాళి అదియే.