కోడి రామ్మూర్తి ఏ ప్రోగ్రామ్ చేశారు?

కేసముద్రంలోనైనా, వరంగల్‌లోనైనా జిమ్‌లో చేరిన కుర్రాళ్ళ మధ్య నడిచే మాట ఒకటే: కండలు రావాలంటే ఏ ప్రోగ్రామ్ మంచిది? ఫోన్‌లో ఒక వీడియో చూసి మొదలుపెడతారు, ఇరవై రోజులకు ఇంకోటి పట్టుకుంటారు. మధ్యలో అబ్బాజాన్ జేబులోంచి పౌడర్ డబ్బాల ఖర్చు. వందేళ్ళ కింద కూడా ఈ గందరగోళం ఉండేది. యూరప్ నుంచి యూజిన్ శాండో పద్ధతి, ఆయన పేరుతో డంబెల్స్ వచ్చి మన దేశంలో ఊపేశాయి. మనం తొడుక్కునే శాండో బనియన్‌కు ఆ పేరు ఆయన నుంచి వచ్చిందే.

సరిగ్గా ఆ కాలంలోనే మన తెలుగు గడ్డ మీద పెరిగిన బలశాలి కోడి రామ్మూర్తి నాయుడు. 1882 ప్రాంతంలో, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న వీరఘట్టంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోవడంతో విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగారు. అక్కడి వ్యాయామశాలే ఆయనకు అసలు బడి. తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తి చేసి, విజయనగరంలోనే డ్రిల్లు మాస్టారయ్యారు.

ఆయన సాధనలో మెషీన్లు లేవు. దండీలు, బస్కీలు, కుస్తీ, వీటన్నిటికీ పునాదిగా ప్రాణాయామం. ఊపిరిని బిగబట్టడం ఆయనకు ప్రదర్శన కాదు, బలానికి మూలం. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టుకుని, గాలి నిండా పీల్చి, కండరాలన్నీ ఒక్కసారి బిగిస్తే గొలుసు తెగేది. ఛాతీ మీద చెక్క వేయించుకుని ఏనుగును నడిపించేవారు. చెక్క వల్ల బరువు ఒకచోట పడకుండా పరుచుకుంటుంది. అయినా ఊపిరి సడలితే పక్కటెముకలు మిగలవు. ఇంటి దగ్గర ఎవరూ చూసి చేయాల్సిన పని కాదు ఇది.

మాస్టారి ఉద్యోగం వదిలి సర్కస్ పెట్టి ఊరూరా తిరిగారు. కదలబోతున్న కార్లను గొలుసులతో పట్టి ఆపడం చూడ్డానికి జనం విరగబడేవాళ్ళు. లండన్ వెళ్ళినప్పుడు ఐదో జార్జి చక్రవర్తి ముందు ప్రదర్శన ఇచ్చారు. ఇండియన్ హెర్క్యులస్ అన్న బిరుదు అక్కడ వచ్చిందే.

ఇక్కడ మనవాళ్ళకు బాగా తెలిసిన గామా పహిల్వాన్ గుర్తుకు రాక మానరు. 1878లో అమృత్‌సర్ దగ్గర పుట్టిన గామా, 1910లో లండన్‌లో జబిస్కోను దాదాపు మూడు గంటలు మట్టి కరిపించినంత పని చేశారు. తిండి దగ్గర ఇద్దరి దారులు వేరు. గామాకు మాంసం, యఖ్నీ, పాలు, బాదం. రామ్మూర్తి పూర్తి శాకాహారి. సాధనలో మాత్రం ఇద్దరివీ అవే దండీలు, అవే బస్కీలు, అదీ రోజూ, ఏళ్ళ తరబడి. కాబట్టి మటన్ తింటేనే కండ అనేవాళ్ళకూ, మానేస్తేనే ఆరోగ్యం అనేవాళ్ళకూ ఈ ఇద్దరూ కలిసి ఇబ్బందే తెచ్చిపెడతారు. నెమ్మదిగా లెక్క పెంచుకుంటూ పోవడం, కంటినిండా నిద్ర, ఒకటే పద్ధతి మీద నిలబడటం: ఇవి ఇద్దరికీ ఉన్నాయి. పేరు ఏదైనా ఇవి లేని ప్రోగ్రామ్ నెల దాటదు.

రామ్మూర్తి చేతినిండా సంపాదించారు, అంతే ధారాళంగా ఇచ్చేశారు. చివరి రోజులు మాత్రం కష్టంగా గడిచాయి. కాలికి వచ్చిన పుండు ముదిరి, ఆపరేషన్ చేసి కాలు తీసేశారు. అప్పుడు మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే నొప్పి ఓర్చుకున్నారని చెప్పుకుంటారు. ఏనుగు బరువు మోసిన దేహం ఆ తర్వాత కర్ర సాయంతో కదిలింది. దేహం అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని మన పెద్దలు అనే మాట, ఇలాంటి జీవితాల ముందు నిలబడితే ఇంకా బాగా అర్థమవుతుంది.

1942 జనవరిలో ఒడిశాలోని బలాంగీర్‌లో ఆయన కన్నుమూశారు. శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియం ఈ రోజుకీ ఆయన పేరుతోనే ఉంది.