తొరపల్లి నుండి శ్వేతసౌధం దాకా: అణ్వస్త్రాలపై రాజాజీ ధర్మపోరాటం

హోసూరు పట్టణానికి సమీపాన గల చిన్న గ్రామం తొరపల్లి. నేడు కృష్ణగిరి జిల్లాలోను, నాడు సేలం జిల్లాలోను ఉన్న ఆ పల్లెలో 1878 డిసెంబరు 10వ తేదీన చక్రవర్తి రాజగోపాలాచారి జన్మించారు. తండ్రి వెంకటార్య అయ్యంగార్ ఆ గ్రామ మునసబు, తల్లి సింగారమ్మ. హోసూరు పాఠశాలలో చదివిన ఆ బాలుడు బెంగుళూరు, మద్రాసు కళాశాలల్లో ఉన్నత విద్యనభ్యసించి, సేలంలో న్యాయవాదిగా కీర్తి గడించారు. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించారు. 1948లో స్వతంత్ర భారత గవర్నర్ జనరల్ పదవినీ, 1954లో భారతరత్న పురస్కారాన్నీ అందుకున్నారు. ఈ విశేషాలు అందరికీ తెలిసినవే. జీవిత సంధ్యాసమయంలో ఆయన చేపట్టిన ఒక మహత్కార్యం మాత్రం తగినంత ప్రచారానికి నోచుకోలేదు.

రాజాజీ యుద్ధాన్ని సర్వవిధాలా నిరాకరించినవారు కారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు కురిపించాయి. జాతీయ ప్రభుత్వాన్ని ఏర్పరచుకొని శత్రువును ప్రతిఘటించడమే కర్తవ్యమని రాజాజీ విశ్వసించారు. ఆ అభిప్రాయభేదాల కారణంగా ఆ ఏడే కాంగ్రెసును వీడారు. గాంధీజీతో బంధుత్వమున్నా తన నమ్మకాన్ని దాచుకోలేదు.

1945 ఆగస్టు 6న హిరోషిమాపై, 9న నాగసాకిపై అమెరికా అణుబాంబులు ప్రయోగించింది. 15న జపాను లొంగుబాటును ప్రకటించింది. యుద్ధం కొనసాగి ఉంటే ఇంకెన్నో లక్షల ప్రాణాలు పోయేవని, కావున ఆ ప్రయోగం న్యాయమేనని వాదించేవారు నేటికీ ఉన్నారు. ఆ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము. కాని హిరోషిమాలో ఆ ఏడాది చివరికే సుమారు 1,40,000 మంది మరణించారని అంచనా. అణ్వస్త్రానికి సైనికుడు, పసిబిడ్డ అనే భేదం లేదు. యుద్ధాన్ని ముగించడానికి ఒకరికి అది ధర్మమైతే, రేపు ప్రతి దేశమూ అదే ధర్మాన్ని చెప్పుకొనగలదు.

జపానును ఎదిరించాలని కోరిన రాజాజీయే ఈ ఆయుధాలకు బద్ధవిరోధి కావడం గమనార్హం. ఎదుటివారు విడిచిన పిమ్మట విడుస్తామని ఇరుపక్షాలూ కూర్చుంటే ముప్పు తొలగదని, బలవంతుడే ముందడుగు వేయాలని ఆయన 1950లలో వాదించారు. అది ఆచరణసాధ్యం కాదని పలువురు విమర్శించినా ఆయన వెనుదీయలేదు.

1962 సెప్టెంబరులో, 83 ఏళ్ల వయస్సులో, గాంధీ శాంతి ప్రతిష్ఠాన ప్రతినిధి వర్గానికి నాయకుడై అమెరికా వెళ్లారు. ఆర్.ఆర్. దివాకర్, బి. శివరావు ఆయన వెంట ఉన్నారు. అధ్యక్షుడు కెన్నెడీని శ్వేతసౌధంలో కలిసి, అణుపరీక్షలు నిలిపివేయవలసిందిగా అభ్యర్థించారు. ఆ మరుసటి నెలలోనే క్యూబా సంక్షోభం ప్రపంచాన్ని అణుయుద్ధం అంచుకు చేర్చింది. 1963 ఆగస్టు 5న అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ దేశాలు మాస్కోలో పాక్షిక పరీక్షా నిషేధ ఒప్పందంపై సంతకాలు చేశాయి. వాతావరణంలోను, అంతరిక్షంలోను, నీటి అడుగున పరీక్షలను అది నిషేధించింది. భూగర్భ పరీక్షలను నిషేధించలేదు. ఆ ఫలితం ఒక్కరి కృషి వల్ల వచ్చినది కాదు. అయినా దానికై గొంతెత్తిన వారిలో మన ప్రాంతపు వృద్ధుడొకరున్నారన్నది మనకు గర్వకారణం.

1972 డిసెంబరు 25న రాజాజీ పరమపదించారు. తొరపల్లిలో ఆయన పుట్టిన ఇల్లు నేడు స్మారక నిలయంగా వెలుగొందుచున్నది. విజయమొక్కటే చాలదని, దానిని సాధించిన మార్గమూ ధర్మబద్ధమై ఉండాలని ఆయన జీవితం బోధిస్తున్నది. ఆ సందేశాన్ని మన విద్యార్థులు హృదయాలలో పదిలపరచుకొందురు గాక!