ఈ నెల మహనీయుడు: ‘ఫిడేలు నాయుడు’ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు



నవంబర్ వచ్చిందంటే స్కూల్లో బాలల దినోత్సవం హడావిడి మొదలవుతుంది. డాన్స్ డ్రెస్సులు, స్టేజీ రిహార్సల్స్, మధ్యలో స్లిప్ టెస్టులు. ఈ నెలలోనే పుట్టి, ఈ నెలలోనే కన్నుమూసిన ఒక గొప్ప తెలుగు సంగీత విద్వాంసుడి జీవితం ఈసారి చదువుదాం. ఆయన పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. పాతతరం వాళ్లు అభిమానంగా ఫిడేలు నాయుడు గారు అనేవారు. మాకు సంగీతం గురించి ఏమీ తెలియదండీ అనుకునేవాళ్లు కూడా దయచేసి పేజీ తిప్పకండి. ఈ కథలో సంగీతం ఎంత ఉందో, స్కూలు చదువు సరిగ్గా సాగని ఒక పిల్లవాడి సంగతి కూడా అంతే ఉంది.

ముందు ఆ వాయిద్యం గురించి

టీవీలోనో, యూట్యూబ్‌లోనో సింఫనీ ఆర్కెస్ట్రాను మీరు చూసే ఉంటారు. నల్లకోట్లు వేసుకుని ఎనభై, తొంభై మంది స్టేజీ మీద కూర్చుంటారు. కండక్టర్ చేతిలో చిన్న కర్ర ఉంటుంది. అందులో ఎక్కువ మంది చేతుల్లో కనిపించేది వయొలిన్. పెద్ద ఆర్కెస్ట్రాలో ఫస్ట్ వయొలిన్లు, సెకండ్ వయొలిన్లు అని రెండు జట్లు ఉంటాయి. రెండూ కలిపితే ముప్పై మంది దాకా ఉంటారు. కండక్టర్ తర్వాత పెద్దరికం కూడా ఫస్ట్ వయొలిన్ల ముందు వరసలో కూర్చున్న విద్వాంసుడిదే. ఆర్కెస్ట్రా మొత్తం శ్రుతి సరిచూసుకునే పని ఆయన ఆధ్వర్యంలో జరుగుతుంది.

మన దేశంలోనూ ఇలాంటి ఆర్కెస్ట్రాలకు చరిత్ర ఉంది. ప్రసిద్ధ కండక్టర్ జుబిన్ మెహతా తండ్రి మెహ్లీ మెహతా 1935లో బాంబే సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. ఆయన కూడా వయొలిన్ విద్వాంసుడే. 2006లో ముంబైలోని ఎన్‌సీపీఏలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఏర్పడింది.

అయితే వయొలిన్ మన దక్షిణాదికి ఆర్కెస్ట్రాతో రాలేదు. రెండు వందల ఏళ్ల కిందటే ఆంగ్లేయులు, ఫ్రెంచివాళ్లతో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర ఒక యూరోపియన్ విద్వాంసుడి దగ్గర దాన్ని నేర్చుకుని, కర్ణాటక సంగీతానికి తగ్గట్టు వాయించడం మొదలుపెట్టారు. వీణకు ఉన్నట్టు వయొలిన్‌కు మెట్లు ఉండవు. వేలు తీగ మీద ఎక్కడికైనా జారగలదు. అందుకే మన గమకాలు అందులో అంత చక్కగా పలుకుతాయి. పాశ్చాత్యులు దాన్ని గడ్డం కింద పెట్టుకుని వాయిస్తే, మనవాళ్లు నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ కొనను పాదం మీద ఆనించుకుని వాయిస్తారు. తీగల శ్రుతి కూడా మార్చి, స-ప-స-ప అని పెట్టుకుంటారు. వస్తువు వాళ్లది, సంగీతం మనది. మన వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలిసిపోయినట్టు అది మనలో కలిసిపోయింది.

ఇంత జరిగినా చాలాకాలం కచేరీల్లో వయొలిన్‌ది పక్కవాద్యం స్థానమే. పాడేవారు మధ్యలో కూర్చుంటే వయొలిన్ విద్వాంసుడు పక్కన కూర్చుని వాళ్లను అనుసరించాలి. ఆ వాయిద్యాన్ని స్టేజీ మధ్యకు తెచ్చిన పెద్దల్లో తెలుగువారు గర్వంగా చెప్పుకునే పేరు నాయుడు గారిది.

చూపు మందగించిన పిల్లవాడు

వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబర్ 8న, దీపావళి రోజున బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. తర్వాత కుటుంబం విశాఖపట్నం ప్రాంతానికి వచ్చి స్థిరపడింది. ఇంట్లో సంగీతం ఉంది. అన్నగారు వెంకటకృష్ణయ్య వయొలిన్ వాయించేవారు. తమ్ముడికి తొలి పాఠాలు చెప్పింది ఆయనే.

స్కూల్లో మాత్రం పరిస్థితి వేరు. చిన్నతనంలోనే చూపు మందగించింది. పుస్తకంలో అక్షరాలు, బోర్డు మీద రాతలు కనపడని పిల్లవాడికి ఆ రోజుల్లో స్కూలు ఏం చేయగలదు? చదువు మధ్యలోనే ఆగిపోయింది. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుని ఉంటారో మనం ఊహించుకోవచ్చు. ఈ అబ్బాయి భవిష్యత్తు ఏమిటి అన్న బెంగ ఆ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

కానీ వయొలిన్‌కు బోర్డు అక్కర్లేదు. చెవి, చెయ్యి, ఓపిక ఉంటే చాలు. ఆ మూడూ ఆ పిల్లవాడికి ఉన్నాయి. ఇంటి పెద్దలు అతనికి రాని దాని మీద పట్టుబట్టి కూర్చోకుండా, వచ్చిన దాన్ని పెంచారు. అన్నగారు పాఠం చెప్పడం, తమ్ముడు గంటల తరబడి సాధన చేయడం. యువకుడయ్యేసరికి ఆ ప్రాంతంలో ఆయన వాదన గురించి చెప్పుకోవడం మొదలైంది.

విజయనగరం పిలుపు

1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతిరాజు ఒక సంగీత పాఠశాల స్థాపించారు. దాని పుట్టుక వెనక కూడా చూపు లేని ఒక పిల్లవాడే ఉన్నాడు. సంస్థానంలో ఉద్యోగి అయిన చాగంటి జోగారావు గారి కుమారుడికి కళ్లు కనపడవు, సంగీతమంటే ప్రాణం. ఆ అబ్బాయికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనే చివరికి ఊరందరికీ ఉపయోగపడే పాఠశాల అయింది. ఒక బిడ్డ అవసరాన్ని పట్టించుకుంటే ఎంతమంది బిడ్డలకు దారి దొరుకుతుందో చూడండి.

ఆ పాఠశాలకు మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. నాయుడు గారు అక్కడికి విద్యార్థిగా చేరదామని వెళ్లారని, ఆయన వాయించింది విన్నాక దాసు గారు విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగా ఉండమన్నారని పెద్దలు చెప్పుకుంటారు. ఏమైనా, ఇరవై ఆరో ఏట ఆయన అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు. స్కూలు చదువు పూర్తి చేయని వ్యక్తి కాలేజీలో పాఠం చెప్పే స్థానంలో కూర్చున్నారు. దాసు గారి తర్వాత 1936లో ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

మనకు ప్రాణసమానమైన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు సంగీతం చదువుకున్నది ఈ విజయనగరం కాలేజీలోనే. గాయని పి.సుశీల గారు కూడా అక్కడి విద్యార్థినే. మనం పొద్దున్నే రేడియోలో, ఫోన్‌లో వినే ఎన్నో తెలుగు పాటల వెనక ఆ కాలేజీ గదుల్లో జరిగిన సాధన ఉంది.

విల్లులో ఉన్న రహస్యం

నాయుడు గారి వాదనలో ప్రత్యేకత ఏమిటంటే, ఆయన విల్లు నడిపే తీరు. వయొలిన్‌లో ఎడమ చేతి వేళ్లు స్వరాన్ని ఎంచుకుంటాయి. దానికి ప్రాణం పోసేది మాత్రం కుడి చేతిలోని విల్లు. విల్లుకు గుర్రపు తోక వెంట్రుకలు కట్టి ఉంటాయి. వాటిని ఎంత ఒత్తిడితో, ఎంత వేగంతో తీగ మీద లాగుతామన్న దాన్ని బట్టి నాదం గరుకుగానో, మృదువుగానో వస్తుంది. పాశ్చాత్య విద్వాంసులు శతాబ్దాలుగా దీని మీద శ్రద్ధ పెట్టారు. నాయుడు గారు వాళ్ల పద్ధతిని జాగ్రత్తగా గమనించి, పొడవైన, నిండైన విల్లు చాలనాన్ని కర్ణాటక సంగీతానికి అన్వయించుకున్నారు. రాగం మాత్రం ఎక్కడా చెదరలేదు. మంచి ఎక్కడున్నా తీసుకోవాలి, మన మూలం వదులుకోకూడదు అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఇంగ్లీష్ పాఠం చెప్పే టీచర్‌గా ఈ విషయం నాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది. ఇంగ్లీష్ మీడియంలో చదివే పిల్లలకు తెలుగు ఎందుకని అడిగే తల్లిదండ్రులు కాస్త ఈ విల్లు సంగతి ఆలోచించాలి.

ఆయన పెద్ద పెద్ద గాయకులకు పక్కవాద్యం వాయించారు. తర్వాత ఒక్క వయొలిన్‌తోనే పూర్తి కచేరీ చేయడం అలవాటు చేశారు. పాట లేకుండా ఫిడేలు ఒక్కటే రెండు, మూడు గంటలు జనం వింటారా అన్న సందేహం అప్పట్లో ఉండేది. జనం విన్నారు. గ్రామఫోన్ రికార్డుల ద్వారా ఆయన నాదం తెలుగు జిల్లాలు దాటి మద్రాసు రాష్ట్రమంతా వెళ్లింది.

1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చారు. లండన్, న్యూయార్క్ ఆర్కెస్ట్రాల ముందు నిలబడి వాయించిన మనిషి ఆయన. అప్పటి మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారైన పి.వి.రాజమన్నార్ గారి ఇంట్లో నాయుడు గారి వయొలిన్ విని ఆయన ముగ్ధుడయ్యారని చెబుతారు. ఒకే వాయిద్యం, రెండు లోకాలు. ఒకరు నిలబడి స్వరలిపి ప్రకారం వాయించే సంప్రదాయం నుంచి వచ్చారు. ఇంకొకరు కింద కూర్చుని, ఆ క్షణంలో తోచిన మనోధర్మంతో రాగాన్ని పెంచే సంప్రదాయం నుంచి వచ్చారు.

గౌరవాలు

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో దాన్ని మించిన గౌరవం లేదని విద్వాంసులు భావిస్తారు. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో సత్కరించింది. స్కూలు మధ్యలో ఆపేసిన ఆయనకు విశ్వవిద్యాలయం పిలిచి గౌరవం ఇచ్చింది.

1964 నవంబర్ 25న ఆయన కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. కుమారుడు ద్వారం భావనారాయణరావు గారు, కుమార్తె ద్వారం మంగతాయారు గారు అదే బాటలో నడిచారు. ద్వారం అన్న ఇంటిపేరు వినగానే వయొలిన్ గుర్తొచ్చేంతగా ఆ బాణీ నిలిచింది.

మనం తీసుకోవలసినవి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు తల్లిదండ్రులతో పీటీఎంలో కూర్చుంటే ఎక్కువగా వినపడేవి ర్యాంకు, ఫౌండేషన్, సీటు అన్న మాటలు. అవి ముఖ్యమే. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి, పొలం మీద, మిల్లు మీద కష్టపడి ఫీజు కడుతున్న తల్లిదండ్రులకు ఆ ఆశ ఉండటం న్యాయం. కానీ మార్కులు తగ్గినప్పుడల్లా అది బద్ధకమే అనుకుంటే ఒక్కోసారి అసలు కారణం మన కళ్ల ముందే ఉండి కూడా కనపడదు.

క్లాసులో కొందరు పిల్లలు బోర్డు చూడకుండా పక్కవాడి నోట్స్ చూసి రాసుకుంటారు. బయటికి అది కాపీ కొట్టడంలా ఉంటుంది. కళ్లద్దాలు పెట్టించాక ఆ అలవాటు దానంతట అదే పోతుంది. వెంకటస్వామి నాయుడు అన్న పిల్లవాడి కాలంలో స్కూలుకు తెలియనిది ఈరోజు మనకు తెలుసు. కాబట్టి ఈ నెలలో ఈ పనులు చేద్దాం.

1. కంటి పరీక్ష: మీ బిడ్డ టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటున్నా, కళ్లు చికిలించి చూస్తున్నా, చదివేటప్పుడు లైన్లు తప్పుతున్నా, తలనొప్పి అంటున్నా ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కు చూపించండి. అద్దాలు పెడితే అందం పోతుంది, ముఖ్యంగా ఆడపిల్లకు అని వెనకాడకండి. క్లాస్ టీచర్‌కు చెబితే ముందు బెంచీలో కూర్చోబెడతారు.

2. రోజూ ఇరవై నిమిషాలు: పాట, తబలా, కీబోర్డు, బొమ్మలు, ఏదైనా సరే, బిడ్డకు ఇష్టమైన ఒక పనికి రోజూ సమయం ఇవ్వండి. పరీక్షల వారంలో కూడా దాన్ని పూర్తిగా ఆపకండి. అదే పనిని రోజూ ఓపిగ్గా చేసే అలవాటు లెక్కల సాధనకూ పనికొస్తుంది.

3. కలిసి వినండి: ఒక ఆదివారం సాయంత్రం యూట్యూబ్‌లో ముందు ఏదైనా సింఫనీ ఆర్కెస్ట్రా పది నిమిషాలు, తర్వాత నాయుడు గారి వయొలిన్ పది నిమిషాలు వినిపించండి. కూర్చునే తీరు, విల్లు పట్టుకునే తీరు, కాగితం చూసి వాయిస్తున్నారా లేదా అన్న తేడాలు పిల్లల్నే చెప్పమనండి. విన్నది ఇంగ్లీష్‌లో ఐదు వాక్యాలు, తెలుగులో ఐదు వాక్యాలు రాసి తెస్తే క్లాసులో చదివిస్తాం.

4. కచేరీల సీజన్: డిసెంబర్ రాగానే చెన్నైలో కర్ణాటక సంగీత కచేరీల కాలం మొదలవుతుంది. నాయుడు గారిని గౌరవించిన మ్యూజిక్ అకాడమీతో పాటు ఎన్నో సభల్లో జనవరి మొదటి రోజుల దాకా కచేరీలు జరుగుతాయి. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టికెట్ ఉండదు. వాటిలో వాయించేది, పాడేది ఎక్కువగా యువ కళాకారులే. అటువైపు ప్రయాణం ఉన్నవాళ్లు పిల్లల్ని ఒక్క కచేరీకైనా తీసుకెళ్లండి. ముంబై వెళ్లేవాళ్లు సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కచేరీ తేదీలు ముందే చూసుకోండి. అది ఏడాది పొడవునా ఉండదు, సాధారణంగా ఏడాదికి రెండు సీజన్లే ఉంటాయి.

ఈ నెలాఖరు పీటీఎంలో ప్రోగ్రెస్ కార్డు చేతికి తీసుకున్నప్పుడు మార్కులతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా మమ్మల్ని అడగండి: మా బిడ్డకు బోర్డు సరిగ్గా కనపడుతోందా? మా బిడ్డకు ఏది బాగా వస్తోంది? జవాబులు మా దగ్గర సిద్ధంగా ఉంటాయి.

— ఇంగ్లీష్ టీచర్, వాడపల్లి బ్రాంచి