ఆచార్య జగదీశ్ చంద్ర బోసు
విమానచోదకునకు దారిలోని తుపానును ముందుగా చూపే రాడార్‌కు సూక్ష్మతరంగాలే ఆధారం. వానిని తొలుత వశపరచుకొన్నవారిలో బోసుగారు అగ్రగణ్యులు. 1858లో వంగదేశంలో జన్మించారు. ప్రభుత్వోద్యోగియైన తండ్రి భగవాన్ చంద్ర, ఆంగ్ల పాఠశాలయే గౌరవమనుకొనే ఆ రోజులలో కుమారుని వంగభాషా పాఠశాలకు పంపారు. జాలరి బిడ్డ ఆయనకు సహాధ్యాయి. కన్నడసీమలో తెలుగున చదువుకొన్న మన రాయచూరు విద్యార్థులకు ఇది చెప్పదగిన సంగతి. ప్రెసిడెన్సీ కళాశాలలో తెల్లవారికన్న తక్కువ జీతమిస్తామంటే మూడేండ్లు జీతమే ముట్టలేదు, ఎంతటి పట్టుదల! 1895లో కలకత్తా టౌన్‌హాలులో తీగ లేకుండానే గంట మ్రోగించి, తుపాకిమందును పేల్చారు. 5 మిల్లీమీటర్ల తరంగాలకై ఆయన వాడిన లోహపు గొట్టాలు, బూరవంటి ఆంటెన్నాలు నేటి రాడార్లలోనూ కనిపిస్తాయి. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల జాడ పట్టిన రాడార్‌ను చూడకుండానే 1937 నవంబరు 23న గిరిడీలో పరమపదించారు.