గాంధీ మహాత్ముని నిత్యపరిచర్య

1893లో ఒక వ్యాజ్యమునకై దక్షిణాఫ్రికా వచ్చిన గాంధీగారికి అచట ఒప్పందపు కూలీలతో సంబంధ మేర్పడెను. తెల్లవారి యెదుట కూలి తలపాగా తీసి నిలువవలెననుట ఆనాటి నేటాలు ఆచారము. 1894లో బాలసుందరమను తమిళ కూలి, యజమాని కొట్టగా ముందరి పళ్ళు విరిగి, నోట నెత్తురోడుచు, పాగా చేతబట్టుకొని ఆయన కార్యాలయమునకు వచ్చెను. గాంధీగారు ఆ పాగాను మరల తలకు చుట్టుకొమ్మనిరి. న్యాయాధికారి నాశ్రయించి, అతనిని వేరొక యజమానికి మార్పించిరి.

అంతటితో ఆయన మనస్సునకు తృప్తి కలుగలేదు. డర్బనులో పార్శీ రుస్తుంజీగారి ధర్మముతో, డాక్టరు బూత్ గారి ఆధ్వర్యమున వెలసిన చిన్న ఆసుపత్రికి ప్రతి ఉదయము పోయి, రోగుల బాధలు విని డాక్టరునకు తెలుపుచు, మందులిచ్చుచుండిరి. రాకపోకలతో కలిపి గంట, రెండు గంటల పని! ఆ రోగులలో తమిళులతోను, ఉత్తరాదివారితోను పాటు తెలుగు కూలీలును ఉండిరి.

1906లో జూలూలు తిరుగబడినపుడు ఆయన ప్రభుత్వపక్షముననే డోలీలు మోయబోయిరి. ఆఫ్రికనుల హక్కులు నాటికి ఆయన పోరాటములో చేరలేదు. ఈ మాట దాచనక్కరలేదు. కాని అచట ఆయన చేతికి వచ్చినవారు కొరడాదెబ్బలు తిన్న జూలూలు. వారి పుండ్లు చీముపట్టి యుండెను. తెల్ల పరిచారకులు తాకనొల్లరైరి. ఇరువదిమందికి పైబడిన భారతీయ దళము వానిని కడిగి కట్లు కట్టెను. సిపాయిలు కటకటాల యావల నిలిచి వలదని వారించిరి. వినకపోగా జూలూలను దుర్భాషలాడిరి. కట్లు కట్టుట మాత్రము ఆగలేదు.