పదవి లేని నాయకుడు కొమురం భీం



ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కలుస్తాం. భీం విగ్రహం దగ్గర దండం పెట్టి, సెల్ఫీలు దిగి ఇళ్లకు వస్తాం. ఈసారి ఒక ప్రశ్న వెంట తీసుకెళ్దాం. ఏ పదవీ లేని మనిషి మాటను పన్నెండు గూడేలు ఎందుకు విన్నాయి?

భీం 1900 ప్రాంతంలో ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో, గోండు కుటుంబంలో పుట్టాడు. తల్లి సోంబాయి, తండ్రి చిన్ను. అది నిజాం పాలన. తాతల నాటి అడవి సర్కారుదైపోయింది. పోడు కొడితే కేసు, పశువులు మేపితే పన్ను. తండ్రి పోయాక కుటుంబం సుర్దాపూర్ చేరింది. అక్కడా పండించిన భూమి మాదేనంటూ సిద్ధిఖ్ అనే పెద్దమనిషి వచ్చాడు. ఆ గొడవలో అతను భీం చేతిలో చనిపోయాడు. భీం ఊరు విడిచి చాందా వైపు, తర్వాత అస్సాం తేయాకు తోటలకు వెళ్లాడని మన పెద్దలు చెబుతారు. బడి ముఖం చూడనివాడు ఆ తిరుగుడులోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడు.

తిరిగొచ్చాక ఆ అక్షరం గూడేలకు అక్కరకొచ్చింది. బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలో మనవాళ్లు అడవి కొట్టి సాగు చేస్తే అటవీ సిబ్బంది గుడిసెలు తగలబెట్టారు. భీం వెంటనే తుపాకీ పట్టలేదు. ముందు అర్జీలు పెట్టాడు. హైదరాబాద్ దాకా పోయినా నిజాం దర్శనం దొరకలేదంటారు. అన్ని తలుపులూ మూసుకున్నాకే పోరాటం మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో భీం, అతని సహచరులు నేలకొరిగారు. దారి చూపింది మనవాడేనన్న మాట ఇప్పటికీ బాధ పెడుతుంది.

ఆ తర్వాతే సర్కారు కళ్లు తెరిచింది. హైమన్‌డార్ఫ్‌ను పంపి మన బతుకులు అధ్యయనం చేయించింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కాబట్టి ఆ ఊరి పేరు వింటే నాకు మనసు నిండుతుంది.

అధికారం రెండు రకాలని పాతకాలం నుంచీ పెద్దలు గమనించారు. ఒకటి కుర్చీ ఇచ్చేది, రెండోది జనం ఇచ్చేది. తాలూక్‌దార్‌కు మొదటిది ఉంది, భీంకు రెండోది ఉంది.

ఇది నాకు హాస్టల్లో ఆలస్యంగా అర్థమైంది. మొదట్లో లీడర్‌ను నేనే పెట్టేదాన్ని, అదీ గట్టిగా అరిచే అమ్మాయిని. ఒకసారి ఒక పిల్ల రెండు రోజులు జ్వరంతో పడుకుంది. ఆ సంగతి నాకు చెప్పింది లీడర్ కాదు, పక్క మంచం పిల్ల. లీడర్‌కు భయపడి మిగతావాళ్లు నోరు విప్పలేదు. తప్పు నాది. మరుసటి వారం పిల్లలనే ఎన్నుకోమన్నాను. అందరూ పక్క మంచం పిల్ల పేరే చెప్పారు.

ఈరోజు మన చేతిలో 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. గ్రామసభకు వాటిలో పెద్ద మాట ఉంది. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. మీ ఊళ్లో ఉన్నారా? తీర్మానం చదివాకే సంతకం పెడుతున్నారా? అవ్వకు వచ్చిన నోటీసు చదివి చెప్పేదెవరు?

ఫ్లెక్సీ మీద ఫోటో వేసుకుంటే నాయకుడు కాడు. వచ్చే పౌర్ణమికి జోడేఘాట్ వచ్చేలోగా ఒక అర్జీ రాయండి, మీ కోసం కాదు, పక్కింటివాళ్ల కోసం. భీం మొదలుపెట్టింది అక్కడే.