గర్టీకి ప్రాణం పోసిన విన్సర్ మెకే

పిల్లలూ, నోటుపుస్తకం మూలల్లో వరసగా బొమ్మలు గీసి, పేజీల్ని బొటనవేలితో టపటపా వదిలితే బొమ్మ పరిగెత్తుతుందని మీకు తెలుసు కదా. లెక్కల నోటులో ఆ పని కనబడితే మేం కోప్పడతాం, అది వేరే సంగతి. వందేళ్లకు పైబడిన మాట, అమెరికాలో ఒకాయన సరిగ్గా ఇదే పనిని పది వేల కాగితాల మీద చేశాడు. ఆయన పేరు విన్సర్ మెకే. ఆయన గీసిన జంతువు పేరు గర్టీ, ఒక ఆడ డైనోసార్. 1914లో వచ్చిన ఆ మూకీ బొమ్మ పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. ఇవాళ మీరు టీవీలో చూసే కార్టూన్ పిల్లీ, ఎలుకా, కుక్కా అన్నింటికీ వరసలో పెద్దమ్మ ఈ గర్టీయే.

మెకే ఎప్పుడు పుట్టాడో చెప్పాలంటే కాస్త చిక్కే. 1871లో మిషిగన్ రాష్ట్రంలోని స్ప్రింగ్ లేక్‌లో పుట్టానని ఆయన చెప్పుకున్నాడు. జనాభా లెక్కల్లో 1867, కెనడా అని ఉంది. సమాధి రాయి మీద ఇంకో ఏడాది చెక్కారు. బర్త్ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులకు ఈ బాధ అర్థమవుతుందనుకుంటాను.

బళ్లో చదివే రోజుల్లో ఒక ఓడ మునిగిపోయిన వార్త విని, ఆ దృశ్యాన్ని నల్లబల్ల మీద సుద్దముక్కతో గీశాడు. బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే ఎవరో దాన్ని ఫోటో తీసి ప్రతులు అమ్మారు కూడా. అయినా నాన్నకు మాత్రం కొడుకు బొమ్మలతో బతుకుతాడన్న నమ్మకం కలగలేదు. 1886లో ఇప్సిలాంటి అనే ఊళ్లో వ్యాపారం నేర్పే కాలేజీలో చేర్పించాడు. కుర్రాడు అక్కడ క్లాసులు ఎగ్గొట్టి, రైలెక్కి డెట్రాయిట్ వెళ్లి, తిరునాళ్లలో ఉండే వింతల కొట్టు లాంటి ఒక ప్రదర్శనశాలలో కూర్చుని, వచ్చిన వాళ్ల ముఖాలు గీసి ఇచ్చేవాడు. బొమ్మకు పావు డాలరు, అందులో సగం కొట్టువాళ్లకి.

క్లాసు ఎగ్గొట్టడాన్ని హెడ్మాస్టరుగా నేను మెచ్చుకోలేను. కానీ తర్వాత జరిగింది వినండి. ఆ ఊళ్లోనే టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో జాన్ గుడిసన్ అని ఒక మాస్టారు ఉండేవాడు. భూగోళం, డ్రాయింగ్ చెప్పేవాడు. ఈ కుర్రాడి బొమ్మలు చూసి, విడిగా పాఠాలు చెప్పాడు. ముఖ్యంగా నేర్పింది దూరం చూపించే కిటుకు. రోడ్డు పోనుపోను సన్నబడుతుంది, దగ్గరి చెట్టు పెద్దగా, దూరపు చెట్టు చిన్నగా కనబడుతుంది, ఆ కొలత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నది. తరగతి గదిలో పద్ధతిగా మెకే నేర్చుకున్న చదువు దాదాపు అంతే. తర్వాత ఆయన గీసిన మేడలూ, వంతెనలూ, కొండలూ కాగితం లోపలికి లోతుగా వెళ్లినట్టు కనబడతాయంటే ఆ పునాది అక్కడ పడిందే.

చికాగోలో, సిన్సినాటిలో పోస్టర్లు వేస్తూ కొన్నేళ్లు గడిచాయి. పెళ్లయింది, ఒక కొడుకు, ఒక కూతురు. పేపర్లలో బొమ్మలు వేసే పనిలో కుదిరి 1903లో న్యూయార్క్ చేరాడు. 1905లో మొదలుపెట్టిన లిటిల్ నీమో అనే ఆదివారం బొమ్మల కథతో పేరు ఊరంతా పాకింది. నిద్రలో కలల రాజ్యానికి వెళ్లి, ఆఖరి గడిలో మంచం మీదినించి కిందపడి లేచే పిల్లవాడి కథ అది. ఆ నీమోకు నమూనా సొంత కొడుకు రాబర్టే. మెకే నాటకాల స్టేజీ మీద కూడా జనం ముందు సుద్దముక్కతో బొమ్మలు గీసేవాడు. పావుగంటలో పాతిక బొమ్మలు! చెయ్యి అంత వడిగా పోయేది.

ఆ రాబర్టు ఒకసారి పేజీలు వదిలితే కదిలే బొమ్మల పుస్తకాలు ఇంటికి తెచ్చాడట. వాటిని చూశాకే ఈ ఆలోచన పుట్టిందని మెకేయే చెప్పుకున్నాడు. 1911లో నాలుగు వేల బొమ్మలు గీసి నీమోను తెర మీద కదిలించాడు. మరుసటి ఏడాది ఒక దోమ కథ. నిద్రపోతున్న మనిషి రక్తం తాగీ తాగీ చివరికి పేలిపోయే దోమ. జనం నవ్వారు గానీ నమ్మలేదు. ఏదో దారం కట్టి లాగుతున్నాడన్నారు. తోలుబొమ్మలాట చూసిన మన పెద్దలైనా అలాగే అనుకుని ఉండేవాళ్లు. బొమ్మ కదిలిందంటే తెర వెనక పుల్ల పట్టుకున్న చెయ్యి ఒకటి ఉండాలి కదా! అందుకని మెకే ఈసారి ఎవరూ దారం కట్టి ఆడించలేని జంతువును, అసలు భూమ్మీదే లేని జంతువును ఎంచుకున్నాడు.

గర్టీ తయారైన తీరు చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి. బియ్యపు కాగితం అని పిలిచే పల్చటి కాగితం, మన అరచేతికన్నా కొంచెం పెద్దది. ఒక్కో కాగితం మీద ఒక్కో భంగిమ. అప్పటి మూకీ బొమ్మలో సెకనుకు సుమారు పదహారు చిత్రాలు తిరిగేవి. అంటే నిమిషానికి 960. రోజుకు ఇరవై గీసినా పది వేలు పూర్తికావాలంటే 500 రోజులు పడతాయి. పైగా ప్రతి కాగితం మీదా వెనక ఉన్న కొండ, చెరువు, చెట్టు మళ్లీ గీయాలి. ఆ పని పొరుగింటి కుర్రాడు జాన్ ఫిట్జ్‌సిమన్స్ చేశాడు. గీత ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగితే తెర మీద కొండ వణుకుతుంది. అందుకని కాగితం మూలల్లో గుర్తులు పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టేవాళ్లు. మొదటి భంగిమ, చివరి భంగిమ ముందు గీసి, మధ్యవి తర్వాత నింపే పద్ధతి కూడా మెకే వాడాడు. ఇప్పటికీ బొమ్మలు గీసేవాళ్లు అదే చేస్తారు. గర్టీ ఊపిరి పీల్చి వదలడానికి ఎంతసేపు పట్టాలి? దానికి తన ఊపిరినే గడియారం ముందు పెట్టుకుని లెక్కించాడు.

ఇక ఆట. 1914 ఫిబ్రవరిలో చికాగోలోని ప్యాలెస్ థియేటర్. మెకే చేతిలో కొరడా పట్టుకుని, సర్కస్ మాస్టరులా తెర పక్కన నిలబడ్డాడు. గర్టీని పిలిచాడు. గుహలోంచి ముందు తల బయటపెట్టి, సిగ్గుపడుతూ వచ్చింది. దారిలో ఒక రాయి మింగింది, ఒక చెట్టు పీకి తినేసింది. దండం పెట్టమంటే పెట్టింది. కుడికాలు ఎత్తమంటే ఎత్తింది. కాసేపటికి మాట వినడం మానేసింది. కసిరితే పిల్లలా ఏడ్చింది. మన రాజపాళయం తెల్ల కుక్కను గదమాయిస్తే ముఖం ఎలా పెడుతుందో గుర్తుతెచ్చుకోండి, అలాగ. మెకే ఓదార్చి ఒక ఆపిల్ విసిరాడు. చేతిలోది నిజంగా అట్టముక్క, దాన్ని చాటుకు దాచేసరికి తెర మీద బొమ్మ ఆపిల్ గర్టీ నోట్లో పడింది. అంతలో జంబో అనే మేమత్ అటుగా వస్తే దాని తోక పట్టుకుని చెరువులోకి విసిరింది. ఆ తర్వాత దాహమేసి చెరువునే తాగేసింది. (సైన్సు చదివే పిల్లలు గమనించండి, డైనోసార్లు పోయిన కోట్ల ఏళ్లకు గానీ మేమత్‌లు రాలేదు. నవ్వు కోసం మెకే ఆ లెక్క పక్కన పెట్టాడు.) చివర్లో మెకే తెర వెనక్కి వెళ్తాడు, అదే క్షణంలో బొమ్మ మెకే తెర మీద ప్రత్యక్షమవుతాడు. గర్టీ అతన్ని ఎత్తి వీపు మీద ఎక్కించుకుని వెళ్లిపోతుంది.

దానికి ముందు కూడా బొమ్మలు కదిలాయి. కానీ ఒక బొమ్మకు సిగ్గు, మొండితనం, అలక ఉన్నాయని చూసేవాళ్లు మర్చిపోకుండా చేసింది గర్టీ. నా మటుకు నాకు ఆ ఏడుపు ఒక్కటి చాలు.

ఇంత చేసినా ఆయనకు దక్కింది ఏమిటి? ఆయన పనిచేసే పేపరు యజమాని విలియం రాండాల్ఫ్ హర్స్ట్‌కు ఈ స్టేజీ తిరుగుళ్లు నచ్చలేదు. తన జీతగాడు పేపరు పని వదిలి ఊళ్లు తిరగడమేమిటని న్యూయార్క్ చుట్టుపక్కల దాటి వెళ్లొద్దన్నాడు. తర్వాత దాదాపు కట్టడి చేసి, సంపాదకీయాల పక్కన గంభీరమైన బొమ్మలు వేసే పనిలో కూర్చోబెట్టారు. మెకే గొంతు బదులు తెర మీద అక్షరాలు పెట్టి, ముందు ఒక చిన్న కథ జోడించి, 1914 చివర్లో గర్టీని మామూలు సినిమాగా థియేటర్లకు వదిలారు. మనకు మిగిలింది ఆ రూపమే.

ఇంకో సంగతి. గర్టీ తయారవుతున్న రోజుల్లో జాన్ బ్రే అనే ఒకాయన విలేఖరినని చెప్పి మెకే దగ్గరికొచ్చాడు. బొమ్మలు కదిలే పద్ధతి మీద వ్యాసం రాస్తానన్నాడు. మెకే దాపరికం లేకుండా అన్నీ చూపించాడు. కాగితాల గుర్తులు, మధ్య భంగిమలు, మళ్లీ మళ్లీ వాడే కదలికలు అన్నీ. బ్రే వెళ్లి ఆ పద్ధతుల మీద పేటెంట్లు తీసుకున్నాడు, పైగా తిరిగి మెకే మీదే దావా వేశాడు. కోర్టులో బ్రే ఆటలు సాగలేదు, తర్వాత కొన్నాళ్లు మెకేకే డబ్బు చెల్లించాల్సి వచ్చింది. మెకే మాత్రం తన పద్ధతులకు పేటెంటు తీసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. అడిగినవాళ్లకు చెప్పడం ఆయన అలవాటు.

మన దేశం మాట కూడా ఒకటి చెప్పాలి. దాదాపు ఆ కాలంలోనే మన బందరు నుంచి మద్రాసు వెళ్లి స్థిరపడిన ఫోటోగ్రాఫర్ రఘుపతి వెంకయ్య ఊరూరా డేరాలు వేసి కదిలే బొమ్మలు చూపించాడు, మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. అటు దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లల్ని కదిలించి ఒక చిన్న బొమ్మ తీశాడు. మెకే చేసిందీ, వీళ్లు చేసిందీ ఒకే మోజులోంచి పుట్టిన పనులు.

1915లో లుసిటేనియా ఓడను జర్మన్లు ముంచేసినప్పుడు సుమారు పన్నెండు వందల మంది చనిపోయారు. హర్స్ట్ యుద్ధం వద్దనేవాడు, మెకే ఆయన కోసం ఆ రకం బొమ్మలే గీయాల్సొచ్చేది. కానీ ఇంటికొచ్చి సొంత డబ్బుతో, రెండేళ్ల దాకా కష్టపడి, పాతిక వేల బొమ్మలతో ఆ ఓడ మునకను గీశాడు. 1918లో విడుదలైంది. బళ్లో నల్లబల్ల మీద మునిగిన ఓడ గీసిన ఆ పిల్లవాడే.

ఆ తర్వాత బొమ్మల సినిమా స్టూడియోల చేతికి వెళ్లింది. 1927లో బొమ్మలు గీసేవాళ్లు న్యూయార్క్‌లో మెకేకి విందు ఇచ్చారు. ఆయన లేచి, తాను కళగా మొదలుపెట్టిన దాన్ని మీరు వ్యాపారం చేశారని మొహమాటం లేకుండా చెప్పి కూర్చున్నాడట. విందు పెట్టినవాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో ఊహించుకోండి.

1934 జూలై 26న మెకే బ్రూక్లిన్‌లోని ఇంట్లో చనిపోయాడు. ముందు తలనొప్పి అన్నాడు, తర్వాత బొమ్మలు గీసే కుడిచెయ్యి పడిపోయింది, స్పృహ తప్పింది. ఆయన ఫిల్ము డబ్బాలు ఏళ్ల తరబడి పడి ఉండి, 1947లో మూతలు తీసేసరికి కొన్ని పొడి పొడి అయిపోయాయి. పది వేల గర్టీ కాగితాల్లో సుమారు నాలుగు వందలే మిగిలాయి. 1991లో అమెరికా ప్రభుత్వం గర్టీని కాపాడవలసిన సినిమాల జాబితాలో చేర్చింది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు వచ్చే శనివారం కంప్యూటర్ గదిలో గర్టీ బొమ్మ వేస్తాం. వచ్చేటప్పుడు రాసి అయిపోయిన పాత నోటు ఒకటి, పెన్సిలు ఒకటి తెచ్చుకోండి. లెక్కల నోటైనా సరే, ఆ ఒక్కరోజుకి ఏమీ అనం.